నేను గెలిచిన సాఫ్ట్‌వేర్ కేసు

నేను గెలిచాను. ముందు ఆ మాట చెప్పనివ్వండి. మిగతాది విన్నాక ఆ మాట అనే హక్కు నాకు లేదని మీరు అనుకోవచ్చు. అందుకే ముందే చెబుతున్నాను. బిలాస్‌పూర్‌లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే కూర్చుని పనిచేసుకునే ఒక అకౌంట్ల ఆఫీసు, పెద్ద ఊళ్ళో అద్దాల మేడ ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేసి, కట్టిన సొమ్మంతా ఖర్చులతో సహా వెనక్కి రాబట్టింది. ఆ ఆఫీసు మాది. ఈ రోజుకీ మా ఊళ్ళో టాక్స్ పని చేసుకునే చిన్నవాళ్ళు ఆ కేసు గురించి చెప్పుకుంటారు.

ఆ గెలుపు కింద ఒక అబద్ధం ఉంది. దాన్ని మోయడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. మొదట్లో బరువు తెలియలేదు. ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు మోకాలికి తెలిసినట్టు, ఎవరైనా ‘భేష్’ అన్నప్పుడల్లా తెలుస్తోంది. ఈ సంగతి నా భార్య కుమారికి తెలుసు. రమణకి తెలుసు. నాకు తెలుసు. నాలుగో మనిషి మీరు.

నా పేరు రాయను. మా ఊరి తెలుగువాళ్ళు ఈపాటికే పోల్చుకుని ఉంటారు. పోల్చుకోనివ్వండి. రమణ పేరు మాత్రం మార్చను. పేరు పోగొట్టుకున్నది ఆయన. ఆయన్ని ఇంకో పేరు వెనక దాచడం రెండో తప్పవుతుంది.

నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు మరుపు తక్కువ. చిన్నప్పుడు స్కూల్లో ఒక మాస్టారు ‘రైల్వే ఖలాసీ కొడుక్కి లెక్కల మీద ఇంత మోజేమిటి’ అన్నాడు. ఆయన చొక్కాకి సిరా మరక ఏ జేబు కింద ఉందో ఇప్పటికీ చెప్పగలను. పెద్దయ్యాక ఫిర్యాదులు రాయడం నేర్చుకున్నాను. నీళ్ళు కలిపిన పాల మీద, మూగబోయిన టెలిఫోను మీద, మా వీధి రోడ్డు మధ్యలో ఆపేసిన కాంట్రాక్టరు మీద రాశాను. జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. కుమారి నవ్వేది. “మీ కోపం ఆవకాయండి. ఊరితే గాని రుచి రాదు” అనేది. ఆ మాట నాకు మెప్పులాగే వినిపించేది. ఇప్పుడు కూడా పూర్తిగా సిగ్గుపడలేను.

తొంభైల నడుమ సంగతి ఇది. కంప్యూటర్లు అప్పుడప్పుడే మా ఊరి ఆఫీసుల్లోకి వస్తున్నాయి. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. స్టేషన్ రోడ్డులో ఒక హోటలు పైఅంతస్తులో రమణ ఒక ప్రదర్శన పెట్టాడు. రమణ నాకంటే చిన్నవాడు. వాళ్ళ నాన్న, మా నాన్న లోకో షెడ్డులో ఒకే డ్యూటీ చేసేవారు. విజయనగరం వైపు నుంచి ఇద్దరూ ఒకే ఏడాది వచ్చి చేరారు. రమణ నన్ను అన్నయ్యా అనేవాడు. డిగ్రీ చదివి, ఆ కంపెనీకి మా ఊరి డీలరయ్యాడు. తార్‌బహార్‌లో చిన్న షాపు పెట్టి, దాని మీద పెద్ద బోర్డు కట్టాడు.

అతను అమ్ముతున్నది లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ కాదు. లెక్కలు రాసే ఆఫీసుని నడిపే సాఫ్ట్‌వేర్. ఏ క్లయింటు రిటర్ను ఎప్పటికి వేయాలి, ఎవరి కాగితాలు ఇంకా రాలేదు, ఎవరి పని మీద ఎంతసేపు కూర్చున్నాం, ఎవరికి ఎంత ఫీజు బిల్లు పంపాలి, అన్నీ అదే చెబుతుంది. తెర మీద పేర్లు వరసగా దిగుతుంటే నాకు నోరూరింది. నిజం చెబుతున్నాను. అటువంటి వస్తువు నా బల్ల మీద ఉండాలనిపించింది.

ముందు వరసల్లో పెద్ద ఆడిటర్లు కూర్చున్నారు. వాళ్ళకి కప్పుల్లో టీ, ప్లేట్లలో జీడిపప్పు. మాలాంటివాళ్ళం వెనక గోడ దగ్గర నిలబడ్డాం. నేను ధర అడిగాను. రమణ నన్ను చూసి, అందరూ వినేలా నవ్వుతూ, “అన్నయ్యా, మీకెందుకండీ ఈ గోల? మీకొక డైరీ చాలదేటి?” అన్నాడు. ముందు వరసలు నవ్వాయి. ఒక ఆడిటరు వెనక్కి తిరిగి, నా ముఖం చూసి మరీ నవ్వాడు.

తెల్లారాక రమణ షాపుకి వెళ్ళి కొనేశాను.

ఎందుకు కొన్నావని మీరు అడగక్కర్లేదు. ఆ ధర నా ఆఫీసు సంపాదనకి సరిపోయేది కాదు. కుమారి గాజులు రెండు బ్యాంకుకి వెళ్ళాయి. అంత ధర ఎందుకంటే అయిదుగురు కూర్చునే ఆఫీసు లెక్కన కడతారట. అంతకంటే చిన్న ఆఫీసుకి వాళ్ళ దగ్గర ధరే లేదు. ఉన్నది మేమిద్దరం. లేని ముగ్గురికీ నేనే కట్టాను. అదీ అక్కడితో ఆగలేదు. కంప్యూటరు వెనక తగిలించే ఒక లాకు ఉంటుంది, అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు. దాని ధర వేరు. నేర్పించడానికి గంటల లెక్కన వేరు. ఏటా సర్వీసు పేరుతో కట్టాలి. కట్టకపోతే బడ్జెట్టులో పన్ను రేట్లు మారాక కొత్త ఫ్లాపీ ఇవ్వరు. ఇవన్నీ కొనేముందు ఎవరూ నోరెత్తి చెప్పలేదు. ఒప్పందం కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. నేను సంతకం పెట్టాను. ఒక్కో బిల్లు వచ్చినప్పుడల్లా ఆ హోటల్ నవ్వు మళ్ళీ వినిపించేది.

ఇక్కడిదాకా నా ఫిర్యాదు న్యాయమైనదే. మీరు కూడా ఒప్పుకుంటారు. ఒప్పుకోండి, ఎందుకంటే ఇక్కణ్ణుంచి ఒప్పుకోలేరు.

మా రైల్వే వాళ్ళలో ఒక అలవాటుంది. మనిషిని క్వార్టర్ నంబరుతో గుర్తుపెట్టుకుంటాం. కన్‌స్ట్రక్షన్ కాలనీలో పాలవాడు, బొగ్గువాడు, చాకలి, పోస్ట్‌మ్యాన్ అందరూ నంబరే అనేవారు. ‘ముప్పైరెండు బై నాలుగు వాళ్ళ పెద్దమ్మాయి’ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. నా ఫైళ్ళు కూడా అలాగే కట్టేవాణ్ణి. క్లయింట్లలో సగానికి పైగా రైల్వే వాళ్ళే. మిగిలినవాళ్ళు సిర్గిట్టి పారిశ్రామిక వాడలో చిన్న వర్క్‌షాపులు నడుపుకునేవాళ్ళు, వాళ్ళకి షెడ్డు నంబరు వేసేవాణ్ణి. ఫైలు మీద నంబరు, లోపల మనిషి. ఎప్పుడూ తేడా రాలేదు, ఎందుకంటే ఫైలు తీసే చెయ్యి నాది, ముఖం గుర్తుపట్టే కళ్ళు నావి.

కంప్యూటరు బిగించిన రోజు రమణ స్వయంగా వచ్చాడు. మా ఇంటి ముందు గదే ఆఫీసు. కుమారి కీబోర్డు ముందు కూర్చుంది. నేను ఫైళ్ళు తీసి చదువుతున్నాను, ఆమె కొడుతోంది. రమణ వెనక నిలబడి కాసేపు చూశాడు. ఆ రోజు అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. మరుపు తక్కువని చెప్పాను కదా. ఆ గుణం నాకు అన్నివేళలా మేలు చెయ్యలేదు.

“వదినా, ఆగండాగండి. కోడ్ దగ్గర ఏటది కొడుతున్నారు?”

“క్వార్టర్ నంబరు బావూ. మీ అన్నయ్య అదే ఏయమన్నారు.”

“అది కాదన్నయ్యా. అక్కడ వరస నంబరు ఏసుకోండి. ఒకటి, రెండు, మూడు. మనిషికొక నంబరు. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకూడదు.”

“నా ఆఫీసులో మనుషులు నాకు తెలీదేటి?” అన్నాను.

“మీకు తెలుసు. దీనికి తెలీదు కదా. రేపు ట్రాన్స్‌ఫర్ల సీజనొస్తాది. పాతోడు క్వార్టరు ఖాళీ చేస్తాడు, కొత్తోడు దిగుతాడు. ఆడూ మీ దగ్గరికే వస్తాడు. ఏటవుద్ది? అదే నంబరు కొడితే పాతోడి మీద కొత్తోడు కూకుంటాడు. పాతోడి లెక్కలన్నీ సాఫ్ అయిపోతాయి, అచ్ఛా?”

“డైరీ చాలే మనిషిని కదా నేను. నాకెందుకు ఈ తెలివంతా?”

రమణ ముఖం మారింది. “అరె, అది నవ్వులాటకన్నాను అన్నయ్యా. ఇన్నాళ్ళూ మనసులో ఎట్టుకున్నారా?”

కుమారి నా వైపు తిరిగింది. “అతను చెప్పిందేదో ఓసారి ఇనండి.”

ఇక్కడ నేను మొదట ‘నువ్వు టైపు చెయ్యి’ అన్నానని రాశాను. కుమారి ఈ కాగితం చదివి, “అలగనలేదు మీరు. నోర్ముయ్యి అన్నారు. అతని ముందే అన్నారు” అంది. ఆమె చెప్పిందే నిజం. నోర్ముయ్యి అన్నాను.

రమణ సంచి సర్దుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, “మీ ఇష్టం అన్నయ్యా. మార్చాలనుకుంటే కబురెట్టండి, ఊరికే వచ్చి మార్చేస్తాను” అన్నాడు. ఊరికే అంటే డబ్బు తీసుకోకుండా. గంటకింత అని బిల్లు వేసే మనిషి ఊరికే వస్తానన్నాడు. ఆ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

నేను కబురు పెట్టలేదు.

ఎండాకాలం వచ్చింది. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు పడ్డాయి. కాలనీలో లారీల మీద మంచాలు, కూలర్లు ఎక్కాయి, దిగాయి. మా క్లయింటు, రిటైరైన ఇంజన్ డ్రైవరు దాలినాయుడు క్వార్టరు ఖాళీ చేసి లింగియాడీహ్‌లో కొనుక్కున్న ఇంట్లోకి మారాడు. ఆ క్వార్టర్లోకి ఒక రైలు గార్డు వచ్చాడు. గార్డు మా దగ్గరికి వచ్చినప్పుడు కుమారి అదే నంబరు కొట్టింది. ఈ కోడ్ ముందే ఉంది, పాతది తీసేసి కొత్తది రాయమంటారా అని తెర అడిగింది. కుమారి నన్ను అడిగింది. నేను అవునన్నాను. క్వార్టర్లో మనిషి మారాడు కాబట్టి నంబరు కింద పేరు మారాలి కదా, అంతే కదా అనుకున్నాను. రమణ మాట అప్పుడు గుర్తురాలేదా? వచ్చింది. చూద్దాం, ఏమవుతుందో అనుకున్నాను. అతను చెప్పింది తప్పని తేలాలని ఎంతగా కోరుకున్నానంటే, తేలిపోయినట్టే నడుచుకున్నాను.

ఆ సీజనంతా అలాగే కొట్టాం. పాతవాళ్ళ మీద కొత్తవాళ్ళు కూర్చున్నారు. దాలినాయుడి రిటర్ను గడువు గుర్తుచేసే మనిషి లేడు, ఎందుకంటే కంప్యూటర్లో దాలినాయుడే లేడు. మేము వెయ్యలేదు. ఆయన రిటైర్మెంటు సొమ్ము మీద ఎక్కువ కోసిన పన్ను వెనక్కి రావాలి. అది రాకపోగా నోటీసు వచ్చింది. సిర్గిట్టిలో ఒక వెల్డింగ్ షాపు బిల్లు ఒక టీటీఈ ఇంటికి వెళ్ళింది. ఊరంతా మా ఆఫీసు గుమ్మంలో నిలబడి అరిచింది. దాలినాయుడు అరవలేదు. నోటీసు బల్ల మీద పెట్టి, “ఇంజన్ నడిపినన్నాళ్ళూ ఒక్క సిగ్నల్ దాటలేదు బావూ. మీ చేతిలో ఎట్టాక దాటేశాను” అన్నాడు.

ఆ రాత్రి పాత ఫైళ్ళన్నీ ముందేసుకున్నాను. తప్పు నాదని తెలుసు. తెలిసిన ఆ క్షణంలో, వేరే మనిషైతే రమణకి కబురు పెట్టేవాడు. నేను ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను.

ధర మీద రాద్దామనుకున్నాను. ముగ్గురు లేని మనుషులకి నాచేత కట్టించారని, లోపల ఖర్చులు దాచారని. తెలిసిన వకీలు ఒకాయన ఒప్పందం తిప్పి చూసి, సంతకం పెట్టారు కదా, ఇది నిలబడదన్నాడు. వస్తువే లోపంతో ఉందని చెబితే నిలబడుతుందన్నాడు. నా న్యాయమైన కోపానికి చట్టంలో చోటు లేదు. అన్యాయమైనదానికి ఉంది. నేను వస్తువు లోపమని రాశాను. ఒకరి వివరాలు కొడితే ఇంకొకరివి చెరిగిపోతున్నాయి, ఈ సంగతి కొన్నప్పుడు గాని, బిగించినప్పుడు గాని ఎవరూ చెప్పలేదు అని రాశాను.

ఫోరంలో నా కేసు నేనే వాదించుకున్నాను. ఈ భాగం చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది, దాచుకోను. కంపెనీ తరఫున సూటు వేసుకున్న వకీలు వచ్చాడు. ఇది వ్యాపారానికి కొన్న సరుకు, ఈయన వినియోగదారుడే కాడన్నాడు. నేను లేచి, నా పొట్ట కోసం, నా చేతులతో నేనే చేసుకునే పని ఇది, నాకు నౌకర్లు లేరు, నా భార్యా నేనూ తప్ప ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరు, అలాంటివాణ్ణి చట్టం వినియోగదారుడనే అంటుంది అని సెక్షను చదివి వినిపించాను. వకీలు కాగితాలు వెతుక్కున్నాడు. బెంచీల మీద మా చిన్న ఆఫీసులవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎవరో చప్పట్లు కొడితే చప్రాసీ అరిచాడు.

అప్పుడు రమణ వంతు వచ్చింది. డీలరుగా అతని పేరు కూడా ఫిర్యాదులో రాశాను, అతనికి వేరే వకీలు ఉన్నాడు. బిగించిన రోజే చెప్పానన్నాడు. వరస నంబరు వేయమన్నానన్నాడు. రాసి ఇచ్చారా అని అధ్యక్షుడు అడిగాడు. లేదన్నాడు. మా మధ్య రాతలేమిటని అనుకుని ఉంటాడు. అధ్యక్షుడు నా వైపు తిరిగి హిందీలో, ఈ సంగతి మీకు ఎవరైనా ముందు చెప్పారా అని అడిగాడు.

“నహీఁ సాహబ్. కిసీనే నహీఁ బతాయా” అన్నాను.

లేదండీ, ఎవరూ చెప్పలేదు. ప్రమాణం చేసిన నోటితో అన్నాను. గొంతు తడబడలేదు. చాలా బాగా అన్నాను.

కానీ మీకు చెప్పాలనుకున్నది ఈ అబద్ధం ఒక్కటే అయితే నేను ఇన్నేళ్ళు దాచేవాణ్ణి కానేమో. దీనికంటే కిందది ఒకటుంది. రమణ వకీలు లేచి, ఆ రోజు గదిలో ఈయన భార్య కూడా ఉంది, ఆమెను సాక్షిగా పిలిపించమన్నాడు. నా కాళ్ళ కింద నేల కదలలేదు. ఎందుకంటే నాకు తెలుసు. ఇంట్లో ఆ ఫిర్యాదు రాసిన రోజే లెక్క వేసుకున్నాను. రమణ కుమారిని కోర్టుకి ఈడ్చడు. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే గంజి తాగి డ్యూటీకి వెళ్ళిన మనుషులు. వదిన అని పిలిచిన ఆడమనిషిని బోనెక్కించి, మొగుడి మీద చెప్పమని అడిగే రకం కాదు అతను. అతని మంచితనం ఎంతవరకు సాగుతుందో కొలిచి, దాని మీద నా కేసు కట్టాను.

అనుకున్నట్టే అయింది. రమణ తన వకీలు చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. “వదినని పిలవొద్దు” అన్నాడు తెలుగులో. వకీలుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అతను నా వైపు చూడలేదు.

ఆమెను పిలిచి ఉంటే ఏం చెప్పేదని నేను కుమారిని ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. ఆ రోజు చూడాల్సింది మీరు. రాయ్‌గఢ్ నుంచి, కోర్బా నుంచి చిన్న ఆఫీసులవాళ్ళు వచ్చారు. బంతిపూల దండ వేశారు. బుధవారి బజారు దాకా ఊరేగింపులా నడిచాం. ఆనాడు హోటల్లో వెనక్కి తిరిగి నవ్విన ఆడిటరు తన ఆఫీసు మెట్ల మీద నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. నేను కాసేపు ఆగి, అందరూ చూశాక, తిరిగి పెట్టాను. అంత రుచి గల క్షణం నా జీవితంలో ఇంకొకటి లేదు. అబద్ధంతో వచ్చినదైనా రుచి రుచే, ఈ కాగితం మీద అబద్ధం చెప్పలేను.

అంతకంటే పెద్ద సంగతి ఆ ఏడాది చివర జరిగింది. ఇంకా ఎన్ని ఊళ్ళలో ఎన్ని కేసులు పడతాయో అని కంపెనీ భయపడింది. ఒకరిద్దరు పనిచేసే ఆఫీసులకి వేరే ధర పెట్టింది. లాకు ధర, ఏటా కట్టేది, నేర్పే ఖర్చు, అన్నీ కలిపి పెద్ద అక్షరాల్లో ముందే అచ్చువేసింది. మా చుట్టుపక్కల ఎంతమంది చిన్నవాళ్ళు దానివల్ల కంప్యూటరు కొనుక్కున్నారో! వితంతువైన ఒకావిడ మొగుడి టాక్స్ పనిని ఆ మిషను మీదే నిలబెట్టుకుంది. నన్ను చూసినప్పుడల్లా చేతులెత్తి దణ్ణం పెడుతుంది. అది నిజమైన మేలు. నా అబద్ధం వల్ల జరిగిన మేలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసార్లు తూచాను. ఏది బరువని మీరు అడిగితే, తూకం ఒక్కో రోజు ఒక్కోలా చూపిస్తుంది.

మేము కూడా ఆ కొత్తది కొన్నాం. కుమారి కీబోర్డు ముందు కూర్చుని, మొదటి క్లయింటు దగ్గర ఆగి, నా వైపు చూసింది. “ఒకటి కొట్టు” అన్నాను. కొట్టింది.

కంపెనీ ఆ సొమ్ము తన జేబులోంచి ఇవ్వలేదని తర్వాత తెలిసింది. రమణ కట్టిన డిపాజిట్టులోంచి కోసుకుని, డీలర్‌షిప్ తీసేసింది. తార్‌బహార్ షాపు మూతపడింది. సొంతవాళ్ళకే పనికిరాని సరుకు అంటగట్టి, చెప్పాల్సింది చెప్పకుండా ముంచాడని పేరొచ్చింది. ఆ పేరు నేను పెట్టలేదు. నేను తీసెయ్యలేదు, అంతే. రమణ లింగియాడీహ్‌లో బ్యాటరీలు, ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఒకసారి మా ఇన్వర్టరు పట్టుకుని వెళ్ళాను. అతను నన్ను తిడతాడని వెళ్ళాను. తిడితే నాకూ ఒక ఫిర్యాదు దొరికేది, ఇద్దరం సమానమయ్యేవాళ్ళం.

“రండన్నయ్యా, కూకోండి. వదిన బాగున్నాదా?” అన్నాడు. టీ తెప్పించాడు. బ్యాటరీలో నీళ్ళు అడుగంటాయన్నాడు, పోశాడు. అంతే. నాకు జరిగిన అవమానాలన్నీ వరసగా చెప్పగలనని మీకు తెలుసు. వాటన్నిటిలోకీ పెద్దది ఆ టీ.

ఇదంతా ఇప్పుడెందుకు? మొన్న మా తెలుగు సమితి సమావేశంలో కోశాధికారిగా ఎవరిని పెడదామన్న మాట వచ్చింది. ఎవరో రమణ పేరు చెప్పారు. ఒక కుర్రాడు, ఆ కేసు రోజులకి పుట్టి ఉండడు, లేచి, హిందీలో “ఆయన మనవాళ్ళనే మోసం చేశాడట కదా, అంకుల్ కేసు గెలిచారట కదా” అని నా వైపు చూపించాడు. అందరూ నన్ను చూశారు. రమణ కూడా ఉన్నాడు, తలుపు దగ్గర. నేను ఒక్క మాట అంటే చాలు. నేను గొంతు సవరించుకున్నాను. సవరించుకుంటూ ఉండగానే రమణ, “వద్దులే బాబూ, నాకు కుదరదు, కొట్టు చూసుకోవాలి” అని నవ్వి పేరు వెనక్కి తీసుకున్నాడు.

పాతికేళ్ళ కిందట అబద్ధం చెప్పినప్పుడు కనీసం నోరు తెరిచాను. మొన్న అదీ లేదు. అది ఎలా భరించడం? ఇన్నేళ్ళు ఎవరెవరి మీదో రాశాను, నా మీద రాయాల్సింది నిలవ పెట్టుకున్నాను.

కాబట్టి రాస్తున్నాను. రమణ నాకు చెప్పాడు. మా ముందు గదిలో, నా భార్య వింటుండగా, స్పష్టంగా చెప్పాడు. ఊరికే వచ్చి సరిచేస్తానని కూడా అన్నాడు. నేను విన్నాను. వినలేదని ప్రమాణం మీద అబద్ధమాడాను. వస్తువు మంచిదే. ధర అన్యాయం, ఆ మాట మాత్రం చచ్చేదాకా వదలను.

రమణని క్షమించమని అడగను. అడిగితే ‘పోనీలెండన్నయ్యా’ అంటాడు. ఆ మాట అంత చవగ్గా తీసుకునే అర్హత నాకు లేదు. కుమారి ఇది చదివింది. ఆ ఒక్క దిద్దుబాటు తప్ప ఏమీ అనలేదు. మంచిదనలేదు, ఆలస్యమైందని కూడా అనలేదు.

అయినా ఏమిటో, ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎప్పుడూ ఎదుటివాణ్ణి ఓడించి గెలిచాను, ఈసారి ఓడించినవాడు నేనే, ఓడినవాడూ నేనే. గర్వంగానే ఉంది, ఏం చేయను, నా పుట్టుక అలాంటిది. ఇది సమితి సంచికకి ఇస్తాను. మా పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, ఆ కుర్రాడికి అసలే రాదు. అందుకని ఆదివారం సమావేశంలో నేనే చదువుతాను, అవసరమైన చోట హిందీలో చెబుతాను. రమణ వచ్చినా చదువుతాను, రాకపోయినా చదువుతాను. నన్ను ఎవరైనా సాక్షిగా పిలిచేదాకా ఆగను.